తోడెవరు?

"ఒక్కదానివే వెళ్ళావా? అమ్మాయి తోడు రాలేదా?"

కొరియా నుంచి తిరిగొచ్చాక నన్ను ఈ ప్రశ్న అడగనివాళ్ళు లేరు. సముద్రం ఎలా ఉంది, కొండ ఎంత ఎత్తు, అక్కడ ఏం తిన్నావు... ఇవేవీ కాదు. తోడెవరు? ముందు అది తేలాలి. అడిగినవాళ్ళని తప్పుపట్టను. నలభై ఏళ్ళుగా నేనూ అందరినీ అదే అడిగాను. మా అమ్మాయిని మరీ ఎక్కువ అడిగాను.

నా వయసు అరవై ఆరు. టీచరుగా చేసి రిటైరయ్యాను. ఒక మోకాలు వానాకాలంలో మాట వినదు. రోజూ పొద్దున్నే మా కాలనీ పార్కులో ఎనిమిది చుట్లు తిరగడం తప్ప నడకలో నాకు వేరే అనుభవం లేదు. అలాంటిదాన్ని మొన్న ఏప్రిల్‌లో జేజు అనే ద్వీపంలో పదిహేను కిలోమీటర్లు ఒంటరిగా నడిచాను. గొప్ప చెప్పుకోవడానికి కాదు, ఆ నడకలో నాకు తట్టిన కొన్ని సంగతులు మీతో పంచుకుందామని రాస్తున్నాను.

మా అమ్మాయి ఉద్యోగం సియోల్‌లో. అక్కణ్ణించి జేజు విమానంలో గంట ప్రయాణం. ద్వీపమంతా అగ్నిపర్వతం కక్కిన రాయే. మధ్యలో హల్లాసాన్ అనే పెద్ద కొండ, రెండు వేల మీటర్లకి కాస్త తక్కువ. దాని చుట్టూ బోర్లించిన గిన్నెల్లాంటి చిన్న చిన్న గుట్టలు మూడొందల అరవై దాకా ఉన్నాయి. ఒక్కోటీ ఒకప్పుడు నిప్పు చిమ్మిందే. వాళ్ళ కథల్లో ఈ ద్వీపాన్ని చేసింది దేవుడు కాదు, ఒక రాకాసంత అవ్వ. పేరు సొల్‌ముందే. పరికిణీలో మట్టి మోసుకొచ్చి పోస్తే హల్లాసాన్ అయిందట, చిరుగుల్లోంచి కారిన మట్టి ఈ గుట్టలయిందట. మన కథల్లో ఆడవాళ్ళు ముగ్గులు పెట్టారు, పెనిమిటి కోసం తపస్సులు చేశారు. కొండలు మోసినవాళ్ళు ఒక్కరైనా గుర్తొస్తే చెప్పండి.

ద్వీపం తూర్పు కొసన సముద్రంలోకి పొడుచుకొచ్చిన చిన్న ద్వీపకల్పం ఉంది. దాని చివర సొంగ్‌సాన్ ఇల్చుల్‌బొంగ్, అంటే సూర్యోదయ శిఖరం. ఎత్తు నూట ఎనభై మీటర్లే. ఐదు వేల ఏళ్ళ కింద లోతు లేని సముద్రం అడుగున అగ్నిపర్వతం పేలి, నిప్పుకీ నీళ్ళకీ పడక, ఎగిసిన బూడిద పొరలు పొరలుగా పడి గట్టిపడింది. మొదట్లో అది విడిగా ఉండే దీవి. తర్వాత అలలు ఇసకా గులకా తెచ్చి పోసి పోసి, సన్నటి మెడలాంటి నేల తయారై పెద్ద ద్వీపానికి అతుక్కుంది. పైకెక్కితే మధ్యలో ఆరొందల మీటర్ల వెడల్పున పెద్ద మూకుడు, దాన్నిండా పచ్చగడ్డి, చుట్టూ అంచు మీద మొనదేలిన రాళ్ళు. 2007లో యునెస్కో దీన్నీ, జేజులోని మరికొన్ని అగ్నిపర్వత ప్రదేశాలనీ కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మొదటిరోజు అమ్మాయీ నేనూ కలిసి ఆ శిఖరం ఎక్కాం. దిగేటప్పుడు ఆఖరి మెట్ల దగ్గర అమ్మాయి కాలు మడతపడి చీలమండ బూరెలా పొంగింది. మర్నాడు ఇద్దరం కలిసి నడుద్దామనుకున్న ఒల్లె మొదటి మార్గం ఇక లేనట్టే అనుకున్నాను. నిజం చెప్పాలంటే లోపల కాస్త హాయిగానే అనిపించింది. గదిలో కూర్చుని టీ తాగొచ్చు.

రాత్రి ఐసు ముక్కల సంచీ కాలికి పెట్టుకుని అమ్మాయి అంది, "నువ్వెళ్ళమ్మా."

"ఒక్కదాన్నా?"

"ఒక్కదానివే."

భాష రాదన్నాను. దారి తెలియదన్నాను. తిండి సంగతేమిటన్నాను. అన్నిటికీ దాని దగ్గర జవాబుంది. చివరికి కాసేపు ఊరుకుని, "ఒక సంగతి చెప్పాలి. చెప్పకుండా నిన్ను పంపను" అంది.

2012 జూలైలో నలభై ఏళ్ళ మహిళ ఒకామె ఒంటరిగా ఇదే మార్గంలో నడవడానికి వెళ్ళి తిరిగి రాలేదు. స్థానికుడొకడు ఆమెని చంపేశాడు. దేశమంతా అట్టుడికిపోయింది. దారి మూసేశారు.

"ఇది చెప్పి మరీ వెళ్ళమంటున్నావా?" అన్నాను.

"చెప్పాను కాబట్టే వెళ్ళమంటున్నా. నిర్ణయం నీది" అంది.

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్రపట్టలేదు. ఆ చనిపోయినామె గురించి ఎంత ఆలోచించానో, 1998 గురించీ అంతే ఆలోచించాను. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఇంతకీ ఒల్లె అంటే ఏమిటో చెప్పలేదు కదూ. జేజు మాటల్లో వీధిలోంచి ఇంటి వాకిలి దాకా వచ్చే సన్నటి దారిని ఒల్లె అంటారు. రెండువైపులా నల్లరాళ్ళ గోడలుంటాయి. మనం సందు అంటామే, అలాంటిది. ఈ పేరుతో నడక దారి వేసింది సో మ్యాంగ్ సుక్ అనే మహిళ. జేజులోనే పుట్టి, సియోల్‌లో ఇరవై ఏళ్ళకి పైగా పత్రికల్లో పనిచేసి, వారపత్రికకి సంపాదకురాలై, యాభై దగ్గరపడుతుండగా అన్నీ వదిలేసింది. 2006లో స్పెయిన్‌లో యాత్రికులు నడిచే ఎనిమిది వందల కిలోమీటర్ల శాంటియాగో దారి నడిచింది. నడుస్తూంటే, ఇలాంటిది మా ఊళ్ళో ఎందుకుండకూడదు అనిపించిందట. మరుసటేడు, 2007 సెప్టెంబరులో, మొదటి మార్గం తెరిచింది. ఇప్పుడు ద్వీపం చుట్టూ, పక్కనున్న చిన్న దీవుల్లోనూ కలిపి 27 మార్గాలు, 437 కిలోమీటర్లు. చాలాచోట్ల అంతకుముందున్న దారులే. పొలం గట్లు, సముద్రం ఒడ్డు బాటలు, ఊళ్ళో సందులు. కొన్నిచోట్ల పారలూ గునపాలూ పట్టుకుని చేత్తో వేశారు. దారి చూపడానికి చెట్లకీ స్తంభాలకీ నీలం, నారింజ రిబ్బన్లు కడతారు. అంతే. కోట్ల ప్రాజెక్టు కాదు, శంకుస్థాపన రాళ్ళు లేవు.

పొద్దున్న ఏడున్నరకి సిహుంగ్ అనే ఊళ్ళో బడి దగ్గర బస్సు దిగాను. రెండు ఉడికించిన గుడ్లు, ఒక బత్తాయి లాంటి జేజు కమలా, నీళ్ళ సీసా, ఫోను. మొదటి రిబ్బను కనపడగానే తెలిసినవాళ్ళు పలకరించినట్టయింది.

ముందు రెండు గుట్టలు. మల్మీ ఒరుమ్, అల్ ఒరుమ్. ఎక్కడం కష్టమేం కాదు, మన సింహాచలం మెట్లు ఎక్కినవాళ్ళకి అసలు లెక్కే కాదు. పైకెళ్ళాక చూడాలి. కింద నల్లరాళ్ళ గోడలు గీసిన చిన్న చిన్న పొలాలు, అతుకుల బొంతలా. మధ్యమధ్య ఆవపూల పసుపు. ఆ చివర నీలిసముద్రంలో నిన్న ఎక్కిన శిఖరం, దాని పక్కన ఆవు పడుకున్నట్టుండే ఉదో దీవి. ఆ రాతిగోడలకి సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి మీద రాయి పేర్చడమే. సందుల్లోంచి గాలి దూరిపోతుంది కాబట్టి ఎంత తుపాను వచ్చినా చాలామట్టుకు నిలబడతాయట.

అల్ ఒరుమ్ దిగాక పొలాల మధ్య దారి. ముందూ వెనకా మనిషి లేడు. అప్పుడే ఎదురుగా ఒకతను వస్తున్నాడు. చేతిలో కొడవలి లాంటిది.

గుండె దడదడలాడిందని రాయడానికి నాకేం సిగ్గు లేదు. రాత్రి విన్నదంతా ఒక్కసారి కళ్ళముందు తిరిగింది. గోడ ఎత్తెంత, దూకగలనా అని కూడా చూసుకున్నాను, ఈ మోకాలితో! అతను దగ్గరికొచ్చి తలవంచి నమస్కారం చేసి, నా వెనక్కి చెయ్యి చూపించి ఏదో అన్నాడు. చూస్తే, నేను మలుపు దగ్గర రిబ్బను దాటేసి పక్కదారి పట్టాను. పాపం, దారి చెప్పాడు.

ఇలాంటి సంఘటన రాసి, "చూశారా, మనుషులందరూ మంచివాళ్ళే, మన భయమే తప్పు" అని తేల్చేసేవాళ్ళు ఉంటారు. నేనలా అనను. నా భయం తప్పు కాదు. ఇదే దారిలో ఒకామె ప్రాణం పోయింది. భయపడినందుకు ఆడవాళ్ళని వెక్కిరించేవాళ్ళూ, భయం పేరు చెప్పి ఇంట్లో కూర్చోబెట్టేవాళ్ళూ, ఇద్దరూ ఒకే పని చేస్తున్నారని నాకనిపిస్తుంది. దారి సంగతి ఎవరూ పట్టించుకోరు.

అక్కడివాళ్ళు దారి సంగతి పట్టించుకున్నారు. కొన్నాళ్ళు మూసిన మార్గాన్ని మళ్ళీ తెరిచారు. ఒంటరిగా నడిచేవాళ్ళకి, ఆపద వస్తే మీట నొక్కగానే పోలీసులకి కబురెళ్ళే చిన్న పరికరం ఇచ్చే ఏర్పాటు చేశారు. ఒంటరిగా వద్దనుకునేవాళ్ళతో కలిసి నడవడానికి స్వచ్ఛంద సేవకులు ముందుకొచ్చారు. చీకటి పడకముందే నడక ముగించండి, వీలైతే జతగా నడవండి అని మగాళ్ళకీ ఆడవాళ్ళకీ చెప్తారు. అదే 2012 నవంబరులో, హత్య జరిగిన నాలుగు నెలలకి, 21వ మార్గం తెరిచి ద్వీపం చుట్టూ దారి కలిపేశారు. ఆ ఆఖరి మార్గం ముగిసేది ఈ మొదటి మార్గం వెళ్ళే జొంగ్‌దాల్ ఊరి ఒడ్డునే.

ఇప్పుడు మొదటి మార్గంలో ఆడవాళ్ళే ఎక్కువ కనిపించారు నాకు. నా వయసువాళ్ళే ఎంతమందో! ముఖానికి గుడ్డ, నెత్తిన పెద్ద టోపీ, చేతికర్రలు, ఇద్దరిద్దరు, నలుగురేసి, కొందరు ఒక్కరే. ఒకామె నా చేతిలో రెండు కమలాలు పెట్టి, నా మోకాలు చూపించి, తన మోకాలు చూపించి నవ్వింది. ఆ భాష నాకు బాగానే అర్థమైంది.

జొంగ్‌దాల్ ఒకప్పుడు ఉప్పు పండించిన ఊరు. ఊరు దాటగానే సముద్రం. ఒడ్డుపొడుగునా తాళ్ళ మీద సీలికాయల్లాంటి కడ్డీ చేపలేవో బట్టలారేసినట్టు ఆరేసి ఉన్నాయనుకున్నాను. దగ్గరికెళ్తే స్క్విడ్‌లు. ఆ వాసనకి మా భీమిలి ఒడ్డు గుర్తొచ్చి కాళ్ళు కాసేపు ఆగిపోయాయి. ఇక్కడినుంచి ద్వీపకల్పం దాకా ఒడ్డు వెంటే దారి. నల్లటి లావారాయి నీళ్ళలోకి దిగిపోతుంటుంది. ఎదురుగాలి. దూరంగా కనపడే శిఖరం ఎంత నడిచినా దగ్గరికి రాదు.

ఆ నీళ్ళలోనే హేన్యోలు మునుగుతారు. సముద్రపు ఆడవాళ్ళు. ఆక్సిజన్ సిలిండర్ లేకుండా ఊపిరి బిగబట్టి పది మీటర్ల లోతుకి దిగి నత్తలూ గవ్వలూ సముద్రపు నాచూ కోసుకొస్తారు. పైకి తేలగానే బిగబట్టిన ఊపిరి వదిలితే ఈలలాంటి చప్పుడొస్తుంది. దానికి 'సుంబిసొరి' అని ఒక పేరే ఉంది. 1960లలో ఇరవై వేలకి పైగా ఉండేవాళ్ళు, ఇప్పుడు మూడు వేలలోపు. ఎక్కువమంది అరవై దాటినవాళ్ళే, డెబ్భై ఎనభైల వాళ్ళూ ఉన్నారు. 2016లో యునెస్కో గుర్తింపు వచ్చింది. శిఖరం కింది చిన్న ఒడ్డు మీద పర్యాటకుల కోసం పాట పాడి మునిగి చూపిస్తారు కూడా. చూశాను. ఎనభై దగ్గరపడ్డ ఆవిడ నల్ల రబ్బరు బట్టలేసుకుని, నడుముకి సీసపు గుళ్ళు కట్టుకుని నేలమీద వంగి వంగి నడిచింది. నీళ్ళలోకి దిగిన క్షణాన వయసు ఎటు పోయిందో!

అయితే వీళ్ళని చూసి 'ఆహా స్వేచ్ఛ' అని మురిసిపోవడం నాకు నచ్చదు. పేదరికం దింపింది వాళ్ళని నీళ్ళలోకి. తెల్లారితే సముద్రం, తిరిగొస్తే పొలం, ఆపైన ఇంటిపని. కూతుళ్ళకి ఈ పని వద్దని చదువులు చెప్పించుకున్నారు, అందుకే సంఖ్య తగ్గింది. తగ్గినందుకు మనం బాధపడాలా, సంతోషించాలా? నాకైతే రెండూ కలిగాయి. కానీ ఒకటి. 1932లో జపాన్ వాళ్ళ పాలనలో తమ సరుకుకి సరైన ధర ఇవ్వకుండా దోచుకుంటుంటే, ఈ చుట్టుపక్కల ఊళ్ళ హేన్యోలే వేలమంది రోడ్డెక్కారు. జొంగ్‌దాల్, సిహుంగ్ ఊళ్ళ వాళ్ళూ అందులో ఉన్నారు. నేను నడిచిన దారుల్లోనే నడిచుంటారు. వాళ్ళనెవరైనా తోడెవరని అడిగారో లేదో.

సొంగ్‌సాన్ రేవు దాటి శిఖరం కిందకొచ్చేసరికి మధ్యాహ్నం రెండున్నర. మామూలువాళ్ళు ఐదుగంటల్లో నడిచే దారి మొత్తం నాకు ఎనిమిది గంటలు పట్టింది. నత్తతో వండిన గంజి తాగాను. మన జావలాగే ఉంది, కాస్త ఉప్పు తక్కువ. ఇంకో మాట. ఈ దారంతటా నాకు మరుగుదొడ్డి కోసం ఒక్కసారి కూడా వెతుక్కోవాల్సిన అవసరం రాలేదు. శుభ్రంగా ఉన్నాయి, నీళ్ళున్నాయి, గడియలు పడుతున్నాయి. ఇది చిన్న సంగతి అనుకునే మగవాళ్ళెవరైనా ఈ పేజీ చదువుతుంటే, మీ ఇంట్లో ఆడవాళ్ళు ప్రయాణం రోజు పొద్దున్నించి నీళ్ళెందుకు తాగరో అడగండి.

ఆఖరి మైలు ఆ సన్నటి ఇసక మెడ మీదుగా గ్వాంగ్‌చిగి ఒడ్డుకి. ఆటుపోటుల్లో నీళ్ళు వెనక్కెళ్ళి, పాచిపట్టిన రాతిపలకలు పచ్చగా మెరుస్తున్నాయి. అందరూ ఫొటోలు తీసుకుంటున్నారు. నేనూ తీసుకున్నాను. తర్వాత అక్కడ ఒక స్మారకం కనపడింది. 1948 ఏప్రిల్ 3న మొదలైన తిరుగుబాటుని అణిచే పేరుతో జేజులో ఏళ్ళ తరబడి సాగిన చావుల్లో పాతిక ముప్ఫై వేలమంది పోయారని అంచనా. ద్వీపంలో పదోవంతు జనం. ఈ మెడ దగ్గరికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళని తెచ్చి కాల్చి చంపారు. దశాబ్దాలపాటు ఆ మాట ఎత్తడానికే లేదు. 2003లో దేశాధ్యక్షుడు క్షమాపణ చెప్పాడు. చచ్చిపోయిన మగవాళ్ళ ఇళ్ళలో మిగిలిన ఆడవాళ్ళే మళ్ళీ గోడలు పేర్చుకున్నారు, సముద్రంలో మునిగారు, పిల్లల్ని పెంచారు. జేజులో మూడు ఎక్కువ అంటారు... రాళ్ళు, గాలి, ఆడవాళ్ళు. పొద్దున్న బస్సులో అది చదివి నవ్వుకున్నాను. సాయంత్రం నవ్వు రాలేదు.

అక్కడ రాయి మీద కూర్చుంటే మావారి ఫోను. "ఒక్కదాన్నీ వదిలేసిందా అది? బుద్ధుందా?" అని కేకలు. "వదిలేయలేదు, పంపింది" అన్నాను. తేడా ఆయనకి అర్థమయినట్టు లేదు. నాకూ ఆ పూటే అర్థమయింది.

1998 సంగతి చెప్తానన్నాను. అమ్మాయి డిగ్రీ రెండో ఏడు. వాళ్ళ కాలేజీవాళ్ళు విశాఖ నుంచి భీమిలి దాకా సముద్రం ఒడ్డున ఒక్కరోజు నడక పెట్టారు. నలభై మంది అమ్మాయిలు, ఇద్దరు లేడీ లెక్చరర్లు. ఎంత ఆశపడిందో! బూట్లు కూడా ఎవరినో అడిగి తెచ్చుకుంది. నేను వద్దన్నాను. ఎండకి నల్లబడతావు అన్నాను, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు అన్నాను, తోడెవరు అన్నాను. నలభై రెండుమంది ఆడవాళ్ళుంటే తోడెవరని అడిగాను! ఆయన ఏమీ అనలేదు, నిర్ణయం నాదే. మరుసటేడు మావాడు నలుగురు స్నేహితులతో మోటారు సైకిళ్ళ మీద అరకు వెళ్ళొస్తానంటే పెరుగన్నం కట్టి పంపాను. అమ్మాయి గుమ్మంలో నిలబడి చూసింది. ఒక్కమాట అనలేదు, ఆ రోజూ, తర్వాతా.

నేను దాన్ని కాపాడాననుకున్నాను. ఏ ఆపద నుంచి? ఆ నలభై మందీ సాయంత్రానికి క్షేమంగా ఇంటికొచ్చారు. ఆ పేరుతో నేను కాపాడుకున్నది నా నిద్రని. జాగ్రత్త వద్దని అనడం లేదు. అమ్మాయి నాకు 2012 సంగతి చెప్పి, ఫోనులో నా ఆచూకీ కనపడేలా పెట్టి, చీకటి పడకముందు గదికి చేరమని గడువు పెట్టి పంపింది. అది జాగ్రత్త. నేను చేసింది తలుపు గడియ పెట్టడం.

మన ఒడ్డున మాత్రం ఏం తక్కువని? ఎర్రమట్టి దిబ్బలున్నాయి, తాటితోపులున్నాయి, చేపలమ్మే ఆడవాళ్ళు తరతరాలుగా గంపలు నెత్తిన పెట్టుకుని నడిచిన బాటలున్నాయి. ఆ బాటల్లో ఉన్నంతసేపూ వాళ్ళని తోడెవరని మనం అడగలేదు, బరువుంటే చాలు మనకి. ఉత్తచేతులతో, ఉత్తపుణ్యానికి నడిచే ఆడదే మన కళ్ళకి అడ్డం. నాలుగు రిబ్బన్లు, మూడు నాలుగు శుభ్రమైన మరుగుదొడ్లు, ఆదివారం పొద్దున్నే కలిసి నడిచే పాతికమంది ఆడవాళ్ళు. ఒక దారికి ఇంతకంటే ఏం కావాలో నాకు తెలియడం లేదు. పాతికమంది నడిచే చోట ఇరవయ్యారో ఆమె ఒంటరిగా వచ్చినా ఒంటరిది కాదు. జేజులో ఆ రోజు నేనలాగే నడిచాను.

సాయంత్రం గదికి చేరేసరికి అమ్మాయి కాలు చాపుకుని టీవీ చూస్తోంది. నా చెప్పుల్లోంచి ఇసక నేలంతా రాలింది. "ఎలా ఉందమ్మా?" అంది. భీమిలి సంగతి ఎత్తుదామని రోజంతా అనుకుంటూ వచ్చినదాన్ని, నోట్లోంచి మాట రాలేదు. వేడినీళ్ళు పెట్టి దాని కాలికి కాపడం పెట్టాను. అప్పుడు అదే అడిగింది, "డిసెంబరులో వస్తున్నాను కదా, భీమిలి దాకా నడుద్దామా?"

"నీకు గుర్తుందా?" అన్నాను.

"బూట్లు ఏడో నంబరు. నాకు వదులు" అంది.

డిసెంబరు ఇరవయ్యో తేదీ అనుకున్నాం. మా వీధిలో ఇప్పటికి ముగ్గురు వస్తామన్నారు. మా వదిన మాత్రం ఇంకా అడుగుతూనే ఉంది, మగవాళ్ళెవరొస్తున్నారని.